ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు: విశాఖ నుంచి చలికాలం కొండ ప్రయాణం, పెట్రోల్ లెక్క

మీరు అడిగినవి ఇవీ: డిసెంబర్ చివర్లో మధురవాడ నుంచి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో పెద్దవాళ్లతో కలిపి ఇంట్లో అయిదుగురూ లంబసింగి వెళ్తున్నారు. సంక్రాంతి సెలవుల్లో అరకు కూడా అనుకుంటున్నారు. పోయిన చలికాలం మైలేజ్ బాగా పడిపోయింది, ఎందుకో అంతు చిక్కలేదు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోల్ కలిసొస్తుందని మీ బావగారు చెప్పారు. పొగమంచులో ఏ లైటు వెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీ తమ్ముడు బైక్ మీద వస్తానంటున్నాడు.

అనంతగిరి, పాడేరు, లంబసింగి ఘాట్ల మీద చాలా ఏళ్లు టూరిస్టు బండ్లు నడిపాను, తర్వాత వర్క్‌షాప్ పెట్టుకున్నాను. ముందు మీ బావగారి మాటకే జవాబు చెప్తాను. మిగతా విషయాల్లో తేడా వస్తే డబ్బు పోతుంది, ఈ విషయంలో తేడా వస్తే మనుషులు పోతారు.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగలదు, ఇంకొంచెం ఎక్కువే కాలుతుంది. కార్బురేటర్ బండ్ల రోజుల్లో ఆ మాటలో కాస్త నిజం ఉండేది. ఇప్పటి కార్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్‌నే ఇంజెక్టర్లు ఇంజన్‌లోకి చిమ్ముతాయి. బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, పల్లంలో చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. అది పసిగట్టిన కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. అంతసేపూ పెట్రోల్ ఖర్చు సున్నా. అదే న్యూట్రల్ వేశారనుకోండి, చక్రాలకూ ఇంజన్‌కూ లంకె తెగిపోతుంది. ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే దానికి పెట్రోల్ పొయ్యాల్సిందే. చిన్న కారు ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉన్నా గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే లంబసింగి దాకా వెళ్లక్కర్లేదు. మీకు సింహాచలం ఘాట్ దగ్గరే. మీ మీటర్‌లో ఆ క్షణం మైలేజ్ ఎంతో చూపించే గీత ఉంటే, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి దాన్ని చూడమనండి. రెండో గేరులో కాలు తీసేసి దిగుతున్నప్పుడు ఆ గీత చివరిదాకా వెళ్లి అక్కడే నిలబడిపోతుంది. బ్రేకు వేసి ఆగే ముందు, వేగం బాగా తగ్గి ఇంజన్ ఐడ్లింగ్‌కి వస్తున్నప్పుడు మళ్లీ కిందికి పడుతుంది. పెట్రోల్ మళ్లీ మొదలైందని అర్థం. మీ బావగారినే ఆ పక్క సీట్లో కూర్చోబెడితే ఇంకా మంచిది.

ఇక ప్రమాదం సంగతి. న్యూట్రల్‌లో బండిని ఆపేది బ్రేకులు ఒక్కటే. అయిదుగురు మనుషులు, సామాన్లు, పది పదిహేను కిలోమీటర్ల దిగుడు. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగుతుంటే ప్యాడ్లు, డిస్కులు కాలిపోతాయి, పట్టు సడలుతుంది. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి పాకి, అందులో చేరిన నీరు మరిగితే పెడల్ మెత్తబడి కిందిదాకా దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన విశాఖలో తేమకి కొదవ లేదు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. కొండకి వెళ్లే ముందు నేనయితే ఇంజన్ ఆయిల్ కంటే దీని గురించే ముందు అడుగుతాను. ఇంజన్ ఆపేసి దింపేవాళ్లు కూడా ఉన్నారు. అది ఇంకా ఘోరం. ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్లకి, పెడల్‌ని తేలిక చేసే బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది కూడా.

దిగే పద్ధతి తేలికే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. డౌనూరు దాటాక లంబసింగి వైపు ఎక్కుడులో రెండో గేరు పడిన చోట, దిగేటప్పుడూ రెండో గేరే. మలుపుకి ముందే వేగం తగ్గించి గేరు మార్చుకోవాలి. మలుపు మధ్యలో క్లచ్ తొక్కితే ఆ కాసేపు బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్ల దాకా తిరిగి గట్టిగా శబ్దం చేస్తే కంగారు పడకండి, దానికి ఏమీ కాదు, పెట్రోలూ కాలడం లేదు. వేగం ఇంకా పెరుగుతుంటే బ్రేకు గట్టిగా వేసి, కావలసినంత తగ్గించి, పూర్తిగా వదిలెయ్యండి. మెల్లగా నొక్కి పట్టుకునే అలవాటే బ్రేకుల్ని కాల్చేది. ఆటోమేటిక్ బండి అయితే డి లో వదిలెయ్యకుండా మాన్యువల్ మోడ్‌లోకి గానీ, ఎల్ లోకి గానీ మార్చండి. చాలామంది ఆ అక్షరాన్ని కొన్న రోజు నుంచీ ముట్టుకోరు, అది ఉన్నది ఇలాంటి చోటు కోసమే.

కాలిన వాసన వస్తే మలుపులో కాకుండా వెడల్పు ఉన్న చోట ఆపి, పావుగంట, ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్లు పొయ్యకండి, వంకర పోతుంది. చక్రం కింద రాయి పెడితే వెళ్లేటప్పుడు తీసి పక్కన పడెయ్యండి. ఘాట్ రోడ్డు మీద మంచులో ఇలా వదిలేసిన రాళ్లు నేను చాలా చూశాను. వెనక వచ్చే బైకు వాడికి అవి కనిపించవు.

ఎక్కుడులో పెట్రోల్ ఎలాగూ ఎక్కువే అవుతుంది, బరువుని వెయ్యి మీటర్ల ఎత్తుకి మోస్తున్నారు. దాన్ని తప్పించలేం. పైగా ఆ ఎత్తులో గాలి పలచబడి, టర్బో లేని ఇంజన్ బలం పదో వంతు దాకా తగ్గుతుంది. మూడో గేరులో ఇంజన్ మూలుగుతూ, బండి అదురుతూ పోతుంటే పెట్రోల్ ఆదా అవుతోందనుకోకండి. అప్పుడు కాలు మరింత లోపలికి తొక్కుతారు, ఇంకా ఎక్కువ తాగుతుంది. రెండో గేరులో, సగం యాక్సిలరేటర్‌తో, ఒకే వేగంలో ఎక్కించండి. పైకప్పు మీద క్యారియర్ అవసరం లేకపోతే విప్పేసి వెళ్లండి. అది ఘాట్ మీద కంటే కింద హైవే మీద ఎక్కువ తింటుంది.

ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది నిబంధన. దిగేటప్పుడు అది మీకు వర్తిస్తుంది, ముందే ఆగండి. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడానికి క్లచ్ మీద పడే భారం, కాలే పెట్రోల్ మీకు తెలిసిందే.

ఇప్పుడు మైలేజ్. మన ఊళ్లో డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున కూడా పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు ఉంటుంది. ఇంజన్‌కి అది చలే కాదు. ఏసీ వాడకం తగ్గుతుంది కాబట్టి చలికాలంలో విశాఖలో మైలేజ్ కాస్త పెరగాలి. మీకు తగ్గిందంటే చలి మీద నెట్టెయ్యకుండా బండిలోనో, అలవాటులోనో వెతకాలి.

నేను మొదట అనుమానించేది థెర్మోస్టాట్ వాల్వ్‌ని. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే. వేసవిలో ఇంజన్ వేడెక్కుతోందని తీసుకెళ్తే కొందరు మెకానిక్‌లు ఈ వాల్వ్‌ని తీసి పారేస్తారు. నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటాయి, బండి వేడెక్కదు, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. అసలు జబ్బు, అంటే ఫ్యాన్ గానీ, మూసుకుపోయిన రేడియేటర్ గానీ అలాగే ఉంటుంది. చలికాలం వచ్చేసరికి ఇంజన్ సరైన వేడికి, అంటే ఎనభై తొంభై డిగ్రీలకి చేరదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మీ డ్యాష్‌బోర్డ్ మీద చలి ఇంజన్‌కి నీలం లైటు ఉంటే చూడండి. మామూలుగా మూడు నాలుగు కిలోమీటర్లకి ఆరిపోవాలి. పది కిలోమీటర్లు వెళ్లినా వెలుగుతుంటే, లేదా ఘాట్ దిగుతుంటే మళ్లీ వెలిగితే, వాల్వ్ లేదు లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఈ చిన్న భాగం వేయించడానికి అయ్యే ఖర్చు త్వరగానే పెట్రోల్‌లో తిరిగొస్తుంది. హీటర్ కూడా అప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. హీటర్‌కి ఆ వేడినీళ్లే ఆధారం కదా. అది వాడితే మైలేజ్ తగ్గుతుందన్న భయం కూడా అక్కర్లేదు, ఇంజన్ ఎలాగూ పారబోసే వేడినే అది లోపలికి పంపుతుంది.

రెండోది, పొద్దున్నే ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలెయ్యడం. పాత బండ్లకి చోక్ లాగి వేడెక్కించిన అలవాటు ఇప్పటికీ పోలేదు. స్టార్ట్ చేసి సీట్ బెల్టు పెట్టుకుని అద్దాలు సర్దుకునేలోగా ఆయిల్ పైకి చేరిపోతుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా, గుంజకుండా నడపండి, బండి నడుస్తూనే త్వరగా వేడెక్కుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపి, వచ్చి ఆపి, మళ్లీ కూరగాయలకి తీసి, ఇలా రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లే ఎక్కువైతే ఏ బండికైనా మైలేజ్ రాదు. ఆ పనులన్నీ ఒకే చుట్టులో పెట్టుకోండి.

టైర్లలో గాలి విషయంలో ఒక మెలిక ఉంది. హైవే మీద యాభై కిలోమీటర్లు పరిగెత్తాక, మధ్యాహ్నం ఎండలో బంకులో గాలి చూపిస్తే టైరు వేడికి మీటరు ఎక్కువ చూపిస్తుంది. కుర్రాడు తగ్గించేస్తాడు. మర్నాడు పొద్దున్న లంబసింగిలో అయిదు డిగ్రీల చలిలో ఆ టైరు మెత్తగా ఉంటుంది. సుమారు ఆరు డిగ్రీల చల్లదనానికి ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కాబట్టి బయల్దేరే రోజు పొద్దున, టైర్లు చల్లగా ఉండగా, ఇంటికి దగ్గర్లోని బంకులో, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి రాసిన అంకె ప్రకారం కొట్టించండి. అలా కొట్టించిన గాలిని కొండ మీద కెలకక్కర్లేదు. పైన బయటి గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి ఆ తగ్గుదల మీటర్‌లో కొంత సర్దుకుపోతుంది. స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి, మనవాళ్లు మర్చిపోయేది అదే.

ఇప్పుడు బంకుల్లో దాదాపు అంతటా దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉండేదానికి మూడింట రెండు వంతులే. దాని వల్ల కొంత మైలేజ్ తగ్గడం నిజమే, కానీ అది ఏడాది పొడుగునా ఉంటుంది, చలికాలానికే పరిమితం కాదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్నది కూడా పనికిరాని లెక్క. ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, అక్కడ పొద్దున్నా మధ్యాహ్నమూ వేడిలో పెద్ద తేడా ఉండదు. లంబసింగి వైపు నర్సీపట్నంలో, అరకు వైపు ఎస్.కోటలో నింపుకుని కొండెక్కండి. పైన ట్రాఫిక్ ఆగిపోతే రిజర్వు లైటు చూస్తూ కూర్చోవడం కంటే నరకం ఉండదు.

దారి సంగతి. మధురవాడ నుంచి ఊళ్లోకి రావద్దు. ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేర్చే ఆరు వరుసల రోడ్డు పట్టుకోండి. సిగ్నళ్ల దగ్గర, గాజువాక కంటెయినర్ లారీల మధ్య కాల్చే పెట్రోల్ మిగులుతుంది. రోడ్డు ఖాళీగా ఉందని వంద దాటించకండి. ఎనభైలో కంటే వందలో గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు. తాళ్లపాలెం దగ్గర కుడివైపు తిరిగి నర్సీపట్నం.

అనకాపల్లి దాటాక ఒకటి గుర్తుపెట్టుకోండి. డిసెంబర్ నుంచి అది చెరకు నరికే కాలం. బెల్లం గానుగలకి ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు తెల్లవారకముందే బయల్దేరతాయి. చెరకు గడలు ట్రాలీ వెనక బారెడు పొడుచుకొచ్చి ఉంటాయి, వెనక లైటు ఉండదు, ఉన్నా గడల చాటున కనిపించదు. మంచులో మీ లైటు వెలుగులోకి ముందు వచ్చేవి ఆ గడల కొసలే, అప్పటికి అద్దానికీ వాటికీ మధ్య దూరం ఎంతో ఉండదు. కొన్నిచోట్ల రోడ్డు మీదే గడ్డి, ధాన్యం ఆరబోస్తారు. తడి గడ్డి మీద బ్రేకు వేస్తే జారుతుంది. భోగి రోజు తెల్లవారుజామున అయితే ఊరూరా మంటల పొగ మంచుతో కలిసి రోడ్డు మీదే కూర్చుంటుంది. ఆ ఒక్క రోజు మాత్రం ఎండ వచ్చాకే బయల్దేరండి.

మంచులో లైట్లు: ఎప్పుడూ డిప్పర్, అంటే లో బీమ్. అప్పర్ (హై బీమ్) వేస్తే ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్లగోడ నిలబడినట్టు ఉంటుంది. ఫాగ్ లైట్లు ఉంటే వెయ్యండి, అవి కింద నుంచి రోడ్డు అంచుని చూపిస్తాయి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మానండి. మీరు ఆగారో, కదులుతున్నారో, ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. అవి ఆగిన బండికి. ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని వెంటే వెళ్తే సుఖంగా ఉంటుంది గానీ, అతను పొరపాటు పడితే మీరూ పడతారు. ఎడమ అంచు తెల్లగీతని చూసి నడపండి. సన్న రోడ్డులో మీకు కనిపించే దూరంలో సగానికే ఆగగలిగే వేగం ఉండాలి, మిగతా సగం ఎదురొచ్చేవాడిది. మలుపుల్లో పాటలు ఆపి, అద్దం కాస్త దించి, హారన్ కొట్టి వినండి.

అద్దం మసకబారడం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. అయిదుగురి ఊపిరికి లోపల ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే గీతలు గీతలుగా ఇంకా పాడవుతుంది. ఏసీ ఆన్ చేసి, వేడి పెంచి, గాలిని అద్దం వైపు మళ్లించి, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ పెట్టండి. ఏసీ తేమని లాగేస్తుంది, హీటర్ ఆరబెడుతుంది, నిమిషంలో తేలిపోతుంది. ఇక్కడ ఏసీకి అయ్యే పెట్రోల్ గురించి ఆలోచించకండి. సముద్రం పక్కన తేమకి అద్దం బయటివైపు మసకబారితే మాత్రం లోపల మరీ చల్లబరిచారని అర్థం. ఏసీ తగ్గించి వైపర్ వెయ్యండి. మీది రుషికొండ గాలి తగిలే చోటు కాబట్టి అద్దం మీద కంటికి ఆనని ఉప్పు పొర ఉంటుంది. ఎదురు లైటు పడినప్పుడు అద్దమంతా చెదిరిన వెలుగుతో నిండిపోయేది దానివల్లే. ముందురోజు షాంపూ నీళ్లతో రెండువైపులా కడగండి. వైపర్ రబ్బరు వేలితో నొక్కి చూడండి, గట్టిపడి ఉంటే మార్చెయ్యండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పొంగి ఉంటే అదీ శుభ్రం చేయించండి. మన వేసవి బ్యాటరీని చంపుతుంది, లంబసింగి చలి ఆ సంగతి బయటపెడుతుంది.

అర్ధరాత్రి రెండింటికి బయల్దేరి సూర్యోదయానికి చేరదామనే ప్లాన్ మీ ప్రశ్నలో ఉంది. దయచేసి మార్చుకోండి. మూడు, అయిదు మధ్య మనిషికి కునుకు వచ్చే వేళ, మంచు చిక్కబడే వేళ, శనాదివారాల్లో లంబసింగి ఘాట్ బండ్లతో నిండిపోయే వేళ, మూడూ ఒకటే. ముందురోజు సాయంత్రం వెలుతురు ఉండగానే నర్సీపట్నం గానీ చింతపల్లి గానీ చేరి పడుకోండి, వీలైతే మామూలు పనిదినాల్లో వెళ్లండి. ట్రాఫిక్‌లో ఎక్కుడులో ఇరుక్కుంటే సగం క్లచ్ మీద బండిని నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేక్ వేసుకోండి, కదలట్లేదంటే ఇంజన్ ఆపెయ్యండి. గది దొరక్క కార్లోనే పడుకోవాల్సి వచ్చినా, అద్దాలన్నీ మూసి ఇంజన్, హీటర్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పక్కన ఆగిన బండి నుంచి కూడా లోపలికి చేరుతుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రగ్గులు ఎక్కువ పట్టుకెళ్లండి.

అరకుకి మాత్రం, పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి, కిరండూల్ రైలు గురించి ఒకసారి ఆలోచించండి. సొరంగాలు, బొర్రా స్టేషన్, లోయలు అన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి, నడిపేవాళ్లు కూడా చూడొచ్చు. సంక్రాంతి రోజుల్లో టికెట్లు ముందే అయిపోతాయి.

మీ తమ్ముడు బైక్ మీద రావడం నాకు ఇష్టం లేదు, కానీ వస్తానంటే ఇవి చెప్పండి. అయిదు డిగ్రీల చలిలో గాలికి వేళ్లు మొద్దుబారితే బ్రేకు లివర్ ఎంత నొక్కుతున్నాడో అతనికే తెలియదు. గాలి చొరబడని గ్లవ్స్, జాకెట్, హెల్మెట్ వైజర్ మసకబారకుండా కాస్త తెరిచి ఉంచడం తప్పనిసరి. తడి ఆకులున్న మలుపుల్లో ముందు బ్రేకు ఒక్కటే నొక్కకూడదు, దిగేటప్పుడు అతనికీ న్యూట్రల్ వద్దు. మంచులో అతన్ని మీ వెనక ఉంచకండి. ముందు నడవనిచ్చి, తగినంత దూరంలో డిప్పర్ వేసుకుని మీరు వెనక వెళ్లండి, వెనకొచ్చే లారీకి ముందు మీ కారు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎండ బాగా ఎక్కి రోడ్డు ఆరేదాకా అతన్ని అక్కడే టీ తాగుతూ కూర్చోమనండి, మీరూ అతనితో కూర్చోండి.